రిటైరైనంక తిరుగుడు: మోకాళ్ల నొప్పి, షుగర్ ఉన్నోళ్లు ఎట్ల ప్లాన్ చేస్కోవాలె

సార్, మీరు రాసింది మొత్తం చదివిన. టీచర్‌గా చేసి ఈ మధ్యనే రిటైర్ అయిన్రు, మీకు 61, మేడంకు 58, మేడంకు షుగర్ ఉంది, రెండు మోకాళ్లూ నొప్పి, ఇల్లు మహబూబ్‌నగర్ల. ఒక ట్రావెల్స్ వాళ్లు మే నెలలో 15 రోజుల ప్యాకేజీ చెప్తున్నరు, కాశీ, ప్రయాగ, అయోధ్య, హరిద్వార్, బదరీనాథ్, కేదార్‌నాథ్ అన్నీ ఒక్కటే తిరుగుడు. పిల్లలేమో ఈ వయసుల ఎందుకు, ఇంట్ల ఉండున్రి అంటున్నరు. పోవాల్నా వద్దా, పోతే ఎట్ల పోవాలె అని కదా అడిగింది. నేను నల్గొండ దిక్కు సర్కారు దవాఖానల స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయిన, అప్పటి నుంచి మా పెన్షనర్ల గ్రూపుతోని తిరుగుతున్న, గ్రూపుల ఎవరికి ఏమైనా నా దగ్గరికే వస్తరు కాబట్టి ఈ వయసు ప్రయాణాలల్ల ఏది కష్టమైతదో దగ్గరి నుంచి చూసిన. అందుకే జర వివరంగ రాస్తున్న.

ముందుగల్ల, పోండి. తప్పకుండ పోండి. పిల్లలు భయంతోని అంటున్నరు గాని, ఇప్పుడున్న నడక పదేండ్లకు ఉండదు. అన్ని బాధ్యతలు అయినంక పోదాం అనుకుంట మనవళ్ల చదువులు, బిడ్డ డెలివరీ, ప్లాటు రిజిస్ట్రేషన్ అని వెనుకకు జరుపుకుంట పోయినోళ్లను చాలామందిని చూసిన, తీరా టైమ్ దొరికేసరికి ఇద్దరిల ఒకరు మంచం మీద ఉంటరు. కాని ఆ మే నెల ప్యాకేజీ మాత్రం వద్దు. పదిహేను రోజుల్ల ఆరు ఊర్లంటే సగం రోజులు బస్సులనే పోతయ్, రోజూ పొద్దుగాల నాలుగింటికి లేపుతరు, మేడం మోకాళ్లకు మూడో రోజుకే వాపు వస్తది, మిగిలిన పన్నెండు రోజులు ఆమె బస్సుల కూసొని మిమ్మల్ని చూసి రమ్మంటది. నా లెక్కల ఈ వయసు ప్రయాణానికి ఒకటే సూత్రం, ఇద్దరిల ఎవరి నడక తక్కువనో వాళ్ల నడకకే రోజు ప్లాన్ కట్టాలె. పొద్దున ఒక్క జాగ, మధ్యాహ్నం తిని పండుకునుడు, సాయంత్రం ఓపిక ఉంటే ఇంకొక్కటి. ఎన్ని ఊర్లు చూసినం అనే లెక్క పక్కకు పెట్టండి.

మే నెల ఎందుకు వద్దంటే ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవ్వరు చెప్పరు. షుగర్ చాలా ఏండ్ల నుంచి ఉన్నోళ్లకు పాదాలల్ల స్పర్శ తగ్గుతది. గుడి ప్రాంగణంల రాయి మే నెల పన్నెండింటికి ఎట్ల కాలుతదో మీకు తెలుసు, మనమైతే ఎగిరి నీడకు ఉరుకుతం, వాళ్లు మామూలుగనే నడుస్తరు, ఎందుకంటే వాళ్లకు కాలుతున్నట్టు తెల్వది. మా గ్రూపుల ఒక పెద్దాయన ఒక పెద్ద గుడిల మధ్యాహ్నం ప్రదక్షిణ చేసి వచ్చి మంచిగనే భోజనం చేసిండు, రాత్రి రూంల కాళ్లు కడుక్కుంటుంటే ఆయన భార్య చూసింది, రెండు అరికాళ్లకు బొబ్బలు, ఒకటి పగిలి రసి కారుతున్నది, ఆయనకు నొప్పే లేదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. అందుకే మేడంకు మందం కాటన్ సాక్సులు రెండు మూడు జతలు కొనండి, లేత రంగువి అయితే రక్తం మరక కనిపిస్తది. ఎండ ఎక్కకముందే దర్శనం అయిపోవాలె, రోజూ రాత్రి పండుకునే ముందు మీరు టార్చి వేసి ఆమె అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. ఆమెకు వంగి చూస్కునుడు కష్టం, ఆ పని మీదే. ఇంకొకటి, ప్రయాణానికని కొత్త చెప్పులు, కొత్త బూట్లు వేయొద్దు, కొన్నంక కనీసం మూడు వారాలు ఇంటి దగ్గర వాకింగ్‌ల వాడినంకనే బయటికి తీస్కపోవాలె.

ఇగ గోలీల ముచ్చట. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లాంటి గోలీ గాని ఇన్సులిన్ గాని వాడేవాళ్లు ఇంట్ల పొద్దున ఎనిమిదింటికి వేస్కొని ఎనిమిదిన్నరకు తింటరు. రైల్ల కూడ అట్లనే ఎనిమిదింటికి వేస్కుంటరు, టిఫిన్ పదకొండింటికి వస్తది. ఆ లోపల చెమటలు, వణుకు, కండ్లు తిరుగుడు, కొందరికి ఊరికే కోపం వస్తది, పక్కనోళ్లు ప్రయాణం బడలిక అనుకుంటరు. ప్రయాణంల గోలీ టైమ్ గడియారం చూసి కాదు, పళ్లెం ఎదురుంగ ఉన్నంకనే. ఉపవాసం ఉండి దర్శనం చేస్కుంట అనే పట్టుదల మేడంకు ఉంటే, ఆ రోజు గోలీ ఏం చెయ్యాలెనో డాక్టర్ని ముందే అడిగి రాయించుకోండి. మీ చొక్కా జేబుల గ్లూకోజ్ గాని చక్కెర పొట్లం గాని ఎప్పుడూ ఉండాలె, లక్షణాలు కనపడంగనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపండి, పదిహేను నిమిషాలకు మళ్ల చూడండి, తగ్గకపోతే ఇంకొకసారి. మనిషి తెలివిల లేకపోతే నోట్లె ఏం పొయ్యొద్దు, 112కు కొట్టండి, అది దేశం మొత్తం పని చేస్తది.

ఆడవాళ్లు నీళ్లు తాగరు సార్, ఇది పెద్ద సమస్య. రైల్ల బాత్రూం మంచిగుండదు, బస్సు ఆపమని డ్రైవర్‌ను అడగాలంటే మొహమాటం, అందుకని పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టరు. ఒకసారి మాతోని వచ్చిన ఒకామె కాజీపేటల తాగిన చాయ తప్ప మళ్ల ఏం తాగలే, నాగపూర్ దాటినంక లేచి నిలబడంగనే తూలి బెర్త్ కడ్డీకి తల కొట్టుకుంది. బీపీకి నీళ్ల గోలి, అంటే మూత్రం ఎక్కువ పోయించే గోలి వాడేవాళ్లయితే ఇంకా ఘోరం, కొందరు ప్రయాణం రోజు ఆ గోలీనే మానేస్తరు ఎవ్వరికి చెప్పకుండ. మానుడు కాదు, ఏ టైమ్‌ల వేస్కోవాలెనో డాక్టర్ తోని మార్పించుకోవాలె. అందుకే కారు మాట్లాడినా వ్యాన్ మాట్లాడినా డ్రైవర్‌కు బయల్దేరేటప్పుడే చెప్పండి, ప్రతి రెండు గంటలకు మంచి పెట్రోల్ బంకు గాని హోటల్ గాని చూసి ఆపాలె అని, ఎవరు అడగకపోయినా ఆపాలె అని. అట్ల ఆగితే కాళ్లు కూడ కదులుతయ్, గంటల తరబడి వేలాడేసి కూసుంటే కాళ్లల్ల రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటది, విమానం అయినా అంతే.

గోలీలు మొత్తం రెండు భాగాలు చేసి ఒకటి మీ చేతి సంచిల, ఒకటి మేడం సంచిల పెట్టండి, పెద్ద సూట్‌కేసుల మాత్రం వద్దు, అది పోతే అన్నీ పోతయ్. ఎన్ని రోజులు పోతున్నరో దానికన్న ఒక వారం ఎక్కువ తీస్కోండి. స్ట్రిప్పుల నుంచి విప్పి డబ్బాలల్ల పోసుకోవద్దు, కొత్త ఊర్ల డాక్టర్ స్ట్రిప్ మీద పేరు చూస్తేనే అర్థమైతది. ప్రిస్క్రిప్షన్ ఫోటో ఇద్దరి ఫోన్లల్ల, ఒక జిరాక్స్ పర్సుల. ఇన్సులిన్ వాడితే కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టొద్దు, ఐసుకు తగిలించొద్దు, విమానంల లగేజీల వేయొద్దు, చేతి సంచిలనే ఉండాలె.

మొదటి ప్రయాణమే వెయ్యి కిలోమీటర్లు వద్దు. ముందు మన దగ్గర రెండు మూడు చిన్నవి చెయ్యండి, అప్పుడు తెలుస్తది మేడం ఎంత సేపు నడవగలుగుతది, ఎన్ని మెట్లకు మోకాలు పడుతది, బయటి తిండి ఎవరికి పడుతది అని. మీకు అన్నిటికన్న సులువు ఆలంపూర్. హైవే మీద పోతుంటే కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర ఆగి, ఆలంపూర్ చౌరస్తాల తిరిగితే సరి. జోగులాంబ దర్శనం చేస్కొని నవబ్రహ్మ ఆలయాలు నిదానంగ చూడండి, అవి బాదామి చాళుక్యుల కాలంవి, ఏడో, ఎనిమిదో శతాబ్దంల కట్టినవి, ఒకటే ఆవరణల దగ్గర దగ్గర ఉంటయ్, చెట్ల నీడ ఉంటది, కూసొని కూసొని చూడొచ్చు. జోగులాంబ పాత గుడి పద్నాల్గో శతాబ్దంల ధ్వంసమైతే ఇప్పుడున్నది 2005ల కట్టింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లల్ల మునిగిపోతయని కూడవెల్లి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ల కట్టిన్రు, అది చూడకుండ చాలామంది వాపస్ వస్తరు, మీరు సోషల్ టీచర్ అన్నరు కదా, మీకు మస్తు నచ్చుతది.

రెండోది సోమశిల, కొల్లాపూర్ దగ్గర. ఒక రాత్రి ఉండాలె అక్కడ, పొద్దున కృష్ణ ఒడ్డున కూసునుడే పని. శ్రీశైలం ప్రాజెక్టు నిండి నీళ్లు మంచిగున్నప్పుడు అక్కడి నుంచి శ్రీశైలానికి టూరిజం వాళ్లు లాంచీ నడుపుతరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మా దిక్కు వస్తే నల్గొండ పక్కన పానగల్లుల ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం గుళ్లు రెండూ ఒక పూటల అయితయ్, మెట్ల బాధ లేదు. ఛాయా సోమేశ్వరంల లింగం వెనుక పగలంతా స్తంభం నీడ పడుతనే ఉంటది, అక్కడున్నాయన వివరంగ చెప్తడు, తొందర పడకుండ వినండి. అక్కడి నుంచి సాగర్ పోయి రాత్రి ఉండొచ్చు. అక్కడ బుద్ధవనం అనే బౌద్ధ పార్కు 2022ల తెరిచిన్రు, 274 ఎకరాలు, చాలా బాగుంటది కాని నడక ఎక్కువ, పొద్దున తెరవంగనే పోవాలె. నాగార్జునకొండ లాంచీ మాత్రం ఆంధ్ర దిక్కు విజయపురి సౌత్ నుంచి ఎక్కాలె, శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటది, ఆ రోజు పోకండి.

శ్రీశైలం కారుల పోతే మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక మూస్తరు, పులుల అడవి కాబట్టి. మధ్యాహ్నమే బయల్దేరండి. తొవ్వల ఉమామహేశ్వరం ఆగండి. మల్లెలతీర్థం జలపాతం మాత్రం ఈసారికి వదిలేయండి, దిగుడు ఎంత దిగుతమో మళ్ల అంత ఎక్కాలె, మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు ఎక్కుడు కన్న దిగుడే ఎక్కువ బాధ.

మోకాళ్ల గురించి ఇంకొక్క మాట. చేతికర్ర అంటే ముసలితనం అని మేడం ఒప్పుకోకపోవచ్చు. ఎక్కడనో పడి తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత ప్రయాణాలే ఉండవ్, ఈ మాట ఆమెకు నేను చెప్పిన్నని చెప్పండి. కర్రను నొప్పి ఎక్కువున్న మోకాలుకు ఎదురు చేతిల పట్టుకోవాలె, ఎడమ మోకాలు నొప్పైతే కుడి చేతిల. చాలామంది నొప్పున్న దిక్కే పట్టుకుంటరు, దాంతోని లాభం తక్కువ. రూం బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా, బాత్రూంల కమోడ్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, ఆన్‌లైన్ ఫోటోలు నమ్మకండి. సత్రాలల్ల రూం మంచిగున్నా చాలా జాగల నేల లెట్రిన్ ఉంటది, అప్పుడు మడిచే కమోడ్ స్టూల్ ఒకటి వెంట ఉంటే ప్రాణం హాయిగ ఉంటది.

ఇగ కాశీ. ముందు చెప్పినవి ఒకటి రెండు అయినంక ఫిబ్రవరిల పోండి. డిసెంబర్, జనవరిల ఉత్తరాదిన పొగమంచుకు రైళ్లు గంటలకు గంటలు లేటు, మే నెల ఎండ సంగతి చెప్పిన, వానాకాలం గంగ నిండి ఘాట్లు మునుగుతయ్, పడవలు ఆపేస్తరు. ఫిబ్రవరి గాని దసరా తర్వాత గాని మంచిగ ఉంటది, శివరాత్రి వారం, కార్తీక పౌర్ణమి మాత్రం తప్పించండి, ఆ జనంల మేడం నిలబడలేదు. మనవాళ్లు కాశీల తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యాలె అంటరు కదా, ఈ వయసుకు అది నిజంగ సరిపోయే పద్ధతి, తొమ్మిది కాకున్నా ఐదు రాత్రులన్నా ఉండండి. ఐదు రాత్రులుంటే ఒక రోజు విశ్వనాథుడు, ఒక రోజు అన్నపూర్ణ, విశాలాక్షి, ఒక రోజు సారనాథ్, మధ్యల ఒక రోజు ఏం చెయ్యకుండ ఉండొచ్చు. 2021 డిసెంబర్‌ల విశ్వనాథుని గుడి నుంచి గంగ దాక కారిడార్ అని వెడల్పు దారి తెరిచినప్పటి నుంచి గుడి దగ్గర సందుల ఇరుకు తగ్గింది, ఫోన్లు లోపలికి రానియ్యరు కాబట్టి రూంలనే పెట్టి పోండి, ఒకరికొకరు తప్పిపోతే ఎక్కడ కలవాలెనో ముందే అనుకోండి. ఘాట్ మెట్లు ఎత్తెత్తు ఉంటయ్, పడవ ఎక్కేటప్పుడు అది ఊగుతది, మేడంను ముందు కూసోబెట్టి కాళ్లు లోపలికి తిప్పమనండి, నిలబడి అడుగెయ్యొద్దు. హారతి పడవల నుంచి చూస్తే నిలబడే బాధ ఉండదు. ఉండటానికి మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం మనవాళ్లందరికి తెలిసిందే, మన తిండి దొరుకుతది, కాని రూం ముందే అడిగి పెట్టుకోవాలె.

పోయేటప్పుడు సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ స్టేషన్ల దిగాలె, అదే పాత మొగల్‌సరాయ్, అక్కడి నుంచి కాశీకి ఆటోల, కార్ల పోవుడే. ఒక రోజు పైనే ప్రయాణం. నేనైతే పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం అంట, వచ్చేటప్పటికి వొళ్లు అలిసి ఉంటది. మీకు శంషాబాద్ దారిలనే ఉంది కాబట్టి సికింద్రాబాద్ దాక పొయ్యే పని లేదు. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలె అని పెట్టండి, దానికి పైసలు తీస్కోరు, ఎయిర్‌పోర్ట్‌ల చాలా దూరం నడక ఉంటది.

కేదార్‌నాథ్ గురించి నిక్కచ్చిగ చెప్తున్న, మేడంకు వద్దు. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల ఎక్కుడు, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తుల, గాలి పల్చగ ఉంటది. హెలికాప్టర్‌ల పోతమంటే ఇంకొక జాగ్రత్త, గంటల వ్యవధిల అంత ఎత్తుకు పోతే శరీరానికి అలవాటు పడే టైమే ఉండదు. దాని టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్లనే తీస్కోవాలె, వాట్సాప్‌ల వచ్చే నంబర్లు, గూగుల్‌ల మొదట కనిపించే సైట్లు చాలావరకు దొంగవి, పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి కొట్టాలె. బదరీనాథ్ అయితే గుడి దగ్గరి దాక రోడ్డుంది, సెప్టెంబర్ చివర, అక్టోబర్‌ల వానలు తగ్గినంక, మధ్యల జోషీమఠ్‌ల ఒక రాత్రి ఆగి పోండి. అది వచ్చే సంవత్సరం, డాక్టర్‌కు గుండె పరీక్షలు చూపించినంక.

ప్యాకేజీలే వద్దని కాదు. ఐఆర్‌సీటీసీ భారత్ గౌరవ్ రైళ్లు 2023 నుంచి సికింద్రాబాద్ నుంచి నడుస్తున్నయ్, తిండి, రూం, బస్సు అన్నీ వాళ్లే చూస్తరు, భాష రానోళ్లకు మంచిగ ఉంటది. కాని గుంపు టైమ్‌కు మనం ఉరకాలె, మేడంకు అదే కష్టం.

వంట సంగతి కూడ చెప్పాలె, ఇది నాకు చాలా ముఖ్యమైన ముచ్చట. మన దగ్గర వ్యాన్ మాట్లాడుకొని గ్యాస్ పొయ్యి, బియ్యం, చింతపండు అన్నీ ఎత్తుకొని పోతరు, పైసలు మిగులుతయని. మగవాళ్లు గుడి చూసి వచ్చి చాప మీద ఒరుగుతరు, ఆడవాళ్లు సత్రం అరుగు మీద కూరగాయలు కోస్తుంటరు. నలభై ఏండ్లు వండిన మనిషి కాశీకి పోయి కూడ వండాల్నా సార్? పొయ్యి తీస్కపోవద్దు. ఎండు జొన్నరొట్టెలు, సకినాలు, పల్లిపొడి, కారంపొడి, అటుకులు పెట్టుకోండి, రైలుకు అవి సరిపోతయ్, మిగిలింది హోటల్‌ల వేడి అన్నం, పప్పు. ఫ్రిజ్ల పెట్టిన పచ్చళ్లు, రోడ్డు మీద కోసిన పండ్లు, ఐసు నీళ్లు ముట్టకండి.

పైసలు గ్రాట్యుటీల నుంచి తియ్యకండి, అది దవాఖానకు, పిల్లలకు ఉండనీయండి. పెన్షన్ల నుంచి నెలకింత అని వేరే ఖాతాల వేస్తే ఏడాదికి ఒక పెద్ద ప్రయాణం, రెండు చిన్నవి అయితయ్, కొడుకును అడిగే పని ఉండదు, అడగకపోతే వద్దనే హక్కు కూడ వాళ్లకు తక్కువ ఉంటది. మీ హెల్త్ కార్డు రాష్ట్రం బయట చెల్లుతదా అనేది పోయే ముందే అడగండి. మీ గ్రూపుల 70 నిండినోళ్లు ఉంటే ఆయుష్మాన్ భారత్ కార్డు ఆదాయంతోని సంబంధం లేకుండ 2024 అక్టోబర్ చివరి నుంచి ఇస్తున్నరు, 5 లక్షల దాక, అది తీస్కొనే బయల్దేరమనండి.

పిల్లలతోని కొట్లాడకండి. రైలు నంబరు, బెర్త్ నంబర్లు, రూం ఫోన్ నంబరు, డాక్టర్ రాసిన కాగితం ఫోటో అన్నీ ఫ్యామిలీ గ్రూపుల పెట్టండి, రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక్క ఫోన్. సోమశిలకు ఒకసారి పోయి మంచిగ తిరిగొస్తే సగం భయం వాళ్లకే పోతది.

ఆఖరుకు టికెట్ సంగతి. సీనియర్లకు రైల్ల కన్సెషన్ 2020 మార్చిల ఆపేసిన్రు, దాని కోసం ఎదురు చూడకండి. కింది బెర్త్ కోటా మాత్రం ఉంది, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే చాలు. బుక్ చేసేటప్పుడు జనరల్ బదులు లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ అనే కోటా నొక్కాలె, టికెట్ మీద ఇద్దరికి మించి ఉండొద్దు, మీ తమ్ముడు వాళ్లు కూడ వస్తమంటే వాళ్లకు వేరే టికెట్ తియ్యండి. ఒకవేళ పై బెర్త్ వస్తే రైలు ఎక్కినంక టీటీఈని అడగండి, ఖాళీ ఉంటే పెద్దవాళ్లకు కింది బెర్త్ ఇస్తరు. బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తరు, అంటే ఫిబ్రవరి 10న ఎక్కాలంటే డిసెంబర్ 12 పొద్దున 8 గంటలకు ఫోన్ పట్టుకొని కూసోవాలె, ఆ కోటాల బెర్తులు తక్కువ ఉంటయ్, తొందరగ అయిపోతయ్. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ లింక్ చేసి, ప్యాసింజర్ పేర్లు, వయసు ముందు రోజే ఎక్కించి పెట్టుకోండి. ఈ లోపల మేడం ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకొని, రోజూ అరగంట నడక మొదలు పెట్టమనండి. ఇంకేమన్న అనుమానం ఉంటే అడగండి, మేడం ఏం గోలీలు వాడుతున్నదో రాస్తే డాక్టర్‌ను ఏమేం అడగాలెనో చెప్త.